నూరిస్ ఇంట్లో కచాకో

నూరిస్ పెర్తూస్‌కి యాభై ఆరో ఏట పెళ్ళి కుదిరింది. కుదిరిన సాయంత్రమే అడ్డంకి కూడా వచ్చింది. అడ్డం పడింది మనిషి కాదు. నేల మీద పాకుతూ దుమ్ము పీల్చే, పళ్ళెమంత గుండ్రటి ఒక చవక యంత్రం. సముద్రం ఒడ్డునున్న బరాంకియాలో బారియో అబాహో పేట వాళ్ళకి ఆ ఏడు కార్నివాల్ పండగ అయిపోయాక నవ్వుకోవడానికి అంతకన్నా మంచి కబురు దొరకలేదు. నవ్వనిది ఇద్దరే, నూరిస్, ఆమె తల్లి.

నూరిస్ కార్నివాల్ బట్టలు కుట్టే మనిషి. కుంబియా ఆడే ఆడవాళ్ళ కుచ్చుల పావడాలు, వాటికి మూడు వరసల లేసు, మగవాళ్ళ తెల్ల చొక్కాలు, ఊరేగింపు రాణుల జాకెట్లకి చమ్కీలు. అక్టోబరులో మొదలుపెడితే ఫిబ్రవరి దాకా తల ఎత్తడానికి ఉండదు. ఆ నెలల్లో ఆమె ముందు గది నేల కనిపించేది కాదు. దారప్పోగులు, గుడ్డపీలికలు, గుండుసూదులు, కాలు పెడితే అతుక్కుని పడగ్గది దాకా వచ్చే చమ్కీలు. పొద్దుటే ఎంత శ్రద్ధగా ఊడ్చినా మధ్యాహ్నానికి మళ్ళీ అంతే. యాభై దాటేసరికి మోకాళ్ళు మొరాయించాయి. ఒక కార్నివాల్ ముగిశాక, అందరూ బూడిద బుధవారానికి నుదుటి మీద బూడిద పెట్టించుకుని ఇంటికి వెళుతుంటే, నూరిస్ తిన్నగా బజారుకి వెళ్ళి తగ్గింపు ధరలో ఆ యంత్రాన్ని కొనుక్కొచ్చింది.

ఖరీదైనవి ఇంటి పటం గీసుకుని, గదులు గుర్తుపెట్టుకుని తిరుగుతాయట. ఇది పటం గిటం ఎరగదు. గోడకి కొట్టుకుంటే గానీ అక్కడ గోడ ఉందని దానికి తెలియదు. కొట్టుకుని, ఓ క్షణం ఆలోచించినట్టు ఆగి, పక్కకి తిరిగి వెళ్ళి ఇంకో గోడకి కొట్టుకునేది. అయినా మాట మాత్రం మహా మర్యాద. బల్ల కింద ఇరుక్కుంటే, "నేను చిక్కుకుపోయాను. దయచేసి నన్ను వేరొక స్థలమునకు చేర్చగలరు," అనేది, రాజధాని బొగొతాలో ప్రభుత్వ కార్యాలయం గుమాస్తా గొంతుతో.

నూరిస్ తల్లి ఎదువీహిస్ మొదటిసారి ఆ గొంతు విన్నప్పుడు చేతిలో కాఫీ కప్పు కింద పెట్టేసింది. పేటలో చిన్నా పెద్దా ఆవిడని నీన్యా ఎదూ అంటారు. నీన్యా అంటే చిన్నపిల్ల. ఆ తీరంలో ఎనభై ఏళ్ళ ముసలావిడకి ఇచ్చే గౌరవం అది.

"ఏవిటే ఇది? కొండల మీదనించి దిగొచ్చిన కచాకోలా మాట్లాడుతోంది!" అంది.

"కచాకోవే అమ్మా. మర్యాద చూడు, 'దయచేసి' అంటున్నాడు."

"గోడలు గుద్దుకుంటున్నాడు. డాన్సూ రాదు, దారీ తెలీదు. ఆ, కచాకోనే," అని ఆవిడ తేల్చేసింది.

అలా దానికి పేరు పడింది. సముద్రం ఒడ్డున పుట్టిన వాళ్ళు కొండల మీది చలి ఊళ్ళ వాళ్ళని అలా పిలిచి వెక్కిరించడం ఇప్పటి మాట కాదు. పాపం, వాళ్ళేమీ అనుకోరు. అనుకున్నా మర్యాదగానే అనుకుంటారు.

మొదటి ఏడాది అంతా నీన్యా ఎదూకీ కచాకోకీ యుద్ధమే. అది ముందు వెళితే ఆవిడ చీపురు పట్టుకుని వెనకాల వెళ్ళి మళ్ళీ ఊడ్చేది. "చూడు, మూల వదిలేశాడు. చూడు, ఇక్కడా వదిలేశాడు. గుండ్రటి వెధవకి మూలలెలా అందుతాయే?" అనేది. అది నిజమే. మూలలు ఎన్నడూ అందలేదు. నూరిస్ మూలలతో రాజీ పడిపోయింది. గుండుసూదులతో మాత్రం పడలేకపోయింది. రెండుసార్లు దాని కడుపులో సూదులు ఇరుక్కుని గరగరలాడాక, ముందు భాగానికి ఒక అయస్కాంతం ముక్క అతికించింది. అప్పట్నించీ కచాకో గది చుట్టి వచ్చేసరికి గడ్డానికి సూదులు వేలాడుతుండేవి. వాటిని పీకి డబ్బాలో వేసుకుని మళ్ళీ కుట్టుపనికి కూర్చునేది. కింద బ్రష్షుకి చుట్టుకున్న దారాలని వారానికోసారి కత్తెరతో కోసి తీసేది. ఎరుపు, పసుపు, ఆకుపచ్చ కలిసిన ఆ ఉండని చూస్తే ఆ వారం ఏ ఆట బృందానికి కుట్టిందో చెప్పేయొచ్చు.

కార్నివాల్ నాలుగు రోజులూ పేటలో ఎవరి మొహమూ ఎవరికీ తెలియదు. కనపడ్డవాళ్ళ మీద కనపడ్డట్టు మొక్కజొన్న పిండి చల్లుతారు. చుట్టాలంతా ఆ పిండి కాళ్ళతోనే ఇంట్లోకి వస్తారు. ఒక ఏడు కచాకో అదంతా పీల్చుకుని, దగ్గి, తెల్లటి పొగ వదిలి, గది మధ్యలో చతికిలబడింది. "దయచేసి నా వడపోతను శుభ్రపరచగలరు," అంది. ఇల్లంతా పడీపడీ నవ్వింది. అందరికన్నా గట్టిగా నవ్వింది నీన్యా ఎదూ. "ఈ ఏడాది వీడూ కార్నివాల్ ఆడాడే," అని, జీవితంలో మొదటిసారి దాన్ని తన చేత్తో ఎత్తి పాత టూత్‌బ్రష్షుతో దాని చక్రాలు తుడిచింది.

ఇంకోసారి తలుపు తీసి ఉంటే వసారాలోకి, అక్కణ్ణించి బట్టల బండి దింపడానికి కట్టించిన ఏటవాలు మీదుగా వీధిలోకి దిగిపోయింది. నూరిస్ వెతుక్కుంటూ వెళితే పక్కింటి విల్‌ఫ్రీదో అరుగు ముందు దొరికింది. విల్‌ఫ్రీదో డోళ్ళు చేస్తాడు, మధ్యాహ్నాలు దొమినో ఆడతాడు. దాని వీపు మీద బీరు సీసా పెట్టి బల్ల చుట్టూ తిప్పుతున్నారు.

"నూరిస్! వీణ్ణి మాకు అమ్మెయ్. ఈ పేటలో ఒలక్కుండా బీరు తెచ్చిచ్చే మొగాడు వీడొక్కడే," అన్నాడు విల్‌ఫ్రీదో.

"నీకెందుకు, మీ ఆవిడ నిన్నే నేలకి వేసి తుడుస్తుందిగా," అంది నూరిస్. దొమినో బల్ల వాళ్ళు చేతుల్లో ముక్కలు వదిలేసి నవ్వారు.

చవక వస్తువుకి ఆయుష్షు తక్కువంటారు. కచాకోకి తక్కువ కాదు గానీ రోగాలు ఎక్కువ. రెండేళ్ళకి బ్యాటరీ పోయింది. పక్క బ్రష్షు కాళ్ళు ఒక్కొక్కటే ఊడాయి. కొన్న దుకాణంలో అడిగితే కొత్తది కొనుక్కోమన్నారు. నూరిస్ ఆ మాట తనకి దారాలు అమ్మే ఆన్సెల్మోతో అంది. ఊరికే, బాధ కొద్దీ అంది.

ఆన్సెల్మో పుల్గారీన్ నిజమైన కచాకో. కొండల మీది తుంహా ఊరివాడు. ముప్పై ఏళ్ళ కిందట బరాంకియాకి వచ్చి దారాలు, బొత్తాలు, లేసుల దుకాణం పెట్టాడు. భార్య పోయి చాలా ఏళ్ళయింది. ముప్పై ఏళ్ళ ఎండ కూడా అతని మర్యాదని కరిగించలేకపోయింది. అరవై దాటాడు, ఇప్పటికీ మెడదాకా బొత్తాలు పెట్టుకుంటాడు, పదేళ్ళ పిల్లని కూడా 'తమరు' అంటాడు.

"తమరు దిగులు పడకండి. నాకు పై ఊళ్ళనుంచి దారాల పార్సిలు వస్తుంటుంది. అందులో బ్యాటరీ కూడా వేసి పంపమని చెప్పి చూస్తాను," అన్నాడు.

బ్యాటరీ వచ్చింది. స్వయంగా తెచ్చి, చేతిరుమాలు పరుచుకుని నేల మీద కూర్చుని అమర్చాడు. నూరిస్ కాఫీ ఇచ్చింది. కొన్నాళ్ళకి పక్క బ్రష్షు తెచ్చాడు, ఇంకో కాఫీ. తరవాత చక్రం, తరవాత వడపోత. ఆ తరవాత, చెడిపోని భాగాలకి కూడా స్పేర్లు తేవడం మొదలుపెట్టాడు. అల్మారాలో ఒక అర నిండిపోయింది. ఇన్ని బ్రష్షులు ఒక యంత్రం నూరేళ్ళు తిరిగినా అరగవని నూరిస్‌కి తెలుసు, ఆన్సెల్మోకీ తెలుసు. ఎవరూ ఏమీ అనలేదు. మనుషులు ఆ వయసులో ప్రేమించుకుంటే అలాగే ఉంటుంది, పక్కనుంచి చూసేవాళ్ళకి ప్రాణం విసుగెత్తిపోతుంది.

ఇక్కడ పాదాల సంగతి చెప్పాలి. పెళ్ళికాని పిల్ల పాదాల మీద చీపురు పడితే ఇక పెళ్ళి కాదని ఆ తీరంలో తల్లులందరికీ తెలుసు. అందుకే ఎవరైనా ఊడుస్తుంటే ఆడపిల్లలు కప్పల్లా గెంతుతారు. నూరిస్ పదిహేనో ఏట, గడప మీద కూర్చుని బఠాణీలు ఒలుచుకుంటుంటే, నీన్యా ఎదూ చూసుకోకుండా ఊడ్చిన చీపురు ఆమె రెండు పాదాల మీదుగా పోయింది. తరవాత ఇద్దరు వచ్చారు. ఒకడు పనికని వెనిజులా వెళ్ళి అక్కడే పెళ్ళి చేసుకున్నాడు. రెండోవాడు ఉంగరం కొనడానికని వెళ్ళి మోటారుసైకిలు కొనుక్కొచ్చాడు. పేట మొత్తం చీపురునే తప్పుపట్టింది.

మరి కచాకో? అది రోజూ పాదాల మీదికే వచ్చేది. నీన్యా ఎదూ వసారా గుమ్మం దగ్గర ఊగుడు కుర్చీలో కూర్చుని, అది వస్తుంటే రెండు కాళ్ళూ పైకెత్తేది.

"ఏం నీన్యా ఎదూ, ఎవరైనా కుర్రాడొస్తున్నాడా ఏమిటి, కాళ్ళు ఎత్తుతున్నావు?" అని ఎదురింటి యాదీరా అడిగేది. యాదీరా వీధి మలుపులో అరేపాలు, అంటే కోడిగుడ్డు పెట్టిన మొక్కజొన్న రొట్టెలు, వేయించి అమ్ముతుంది, నూనె మూకుడు దగ్గర నిలబడి వీధి మొత్తాన్ని ఓ కంట చూస్తుంటుంది.

"ఏమో, ఎవడి రాత ఎలా ఉందో," అనేది ముసలావిడ.

నూరిస్ మాత్రం కాళ్ళెత్తలేదు. ఎత్తితే కుట్టుమిషను ఆగిపోతుంది. పెడల్ మీద కాలు, సూది కింద లేసు. కచాకో వచ్చి మడమకి కొట్టుకుని, పాదాల మీద బ్రష్షు ఆడించి, తన దారిన వెళ్ళేది. ఇన్నేళ్ళలో అది ఎన్నిసార్లు ఊడ్చిందో ఆమె పట్టించుకోలేదు. చక్కిలిగింతలు పెడితే నవ్వుకునేది.

నూరిస్ సరేనన్న సాయంత్రం ఆన్సెల్మో కోటు వేసుకుని వచ్చాడు. ఆ ఉక్కలో కోటు చూసి యాదీరా అరేపా మాడ్చేసింది. నీన్యా ఎదూ ముందు కుర్చీ అంచున కూర్చుని, "తమరి అనుమతి కోరడానికి వచ్చాను. నూరిస్ గారూ నేనూ..." అని మొదలుపెట్టాడు. సరిగ్గా అప్పుడే కచాకో బల్ల కిందనించి బయటికొచ్చింది. మెరుగు పెట్టిన అతని బూట్లని ఇటు తుడిచింది, అటు తుడిచింది. అక్కణ్ణించి నూరిస్ దగ్గరికి వెళ్ళి ఆమె చెప్పులు కూడా తుడిచింది. "శుభ్రపరచుట పూర్తయినది," అంది.

నీన్యా ఎదూ గుండెల మీద శిలువ గీసుకుంది. "అయిపోయింది. ఇద్దర్నీ ఊడ్చేసింది. ఈ పెళ్ళి జరక్కూడదు."

"అమ్మా, అది చీపురు కాదు, యంత్రం."

"ఊడుస్తుందా లేదా? ఊడ్చేదే చీపురు. చూస్తూ చూస్తూ నిన్ను దురదృష్టంలోకి తోయలేను. చర్చికి నేను రాను. నా దీవెన లేదు," అని కుర్చీ అవతలికి తిప్పుకుంది. ఆన్సెల్మో కోటు బొత్తాలు పెట్టుకుని, కచాకోకి కూడా తలవంచి, వెళ్ళిపోయాడు.

తల్లి దీవెన లేకుండా నూరిస్ పెళ్ళి చేసుకోదు. ఆమెకి అది తెలుసు, తల్లికి తెలుసు, పేటకీ తెలుసు. కాబట్టి మర్నాడు పేట మొత్తం వసారాలోకి వచ్చి ఊగుడు కుర్చీలు లాక్కుని విచారణ మొదలుపెట్టింది.

"బ్రష్షుంది. దుమ్ము తీస్తుంది. చీపురు కాకపోతే మరి బిషప్పా?" అంది యాదీరా.

"ఊడవదు, పీలుస్తుంది. నీ పాదాలు పిల్లి నాకితే నీకు పెళ్ళి ఆగిందా?" అన్నాడు విల్‌ఫ్రీదో.

"నాకు పెళ్ళయ్యాక నాకిందిలే."

"పైగా చెయ్యి లేదు. పట్టుకునే చెయ్యి ఉంటేనే చీపురు. చెయ్యి లేకుండా ఊడ్చేది గాలి. గాలి రోజూ ఊడుస్తుంది, మరి ఈ పేటలో పిల్లలెలా పుడుతున్నారు?"

"మీట నొక్కింది ఎవరు? నూరిస్. అంటే తన పాదాలు తనే ఊడ్చుకుంది. అది ఇంకా అన్యాయం," అంది నీన్యా ఎదూ, కుర్చీ ఇటు తిప్పకుండానే.

యాదీరా అప్పుడు విరుగుడు గుర్తుచేసింది. చీపురు పాదాల మీద పడితే, వెంటనే దాని మీద ఉమ్మేస్తే దోషం పోతుంది. "ఉమ్మెయ్ నూరిస్. ఒక్కసారి తూ అని, ఆ కోటు ఆయన చేత కూడా తూ అనిపించు. పెళ్ళి భోజనంలోకి అరేపాలు నావి."

అందరూ నూరిస్ వంక చూశారు. ఆమె వంగి, గోడ పక్కన చార్జింగులో ఉన్న కచాకోని చేతుల్లోకి తీసుకుంది. వీపు మీద గీతలు, ఒక పక్క పగిలితే వేసిన టేపు, గడ్డానికి రెండు గుండుసూదులు.

"ఉమ్మను," అంది. "నా మోకాళ్ళు అరగకుండా ఆరేళ్ళు నేల మీద పాకాడు వీడు. ఒక్కరోజు ఎదురు మాటాడలేదు. నా పెళ్ళి కోసం వీడి మొహాన ఉమ్మితే నేనేం మనిషిని?"

"దయచేసి నన్ను చార్జింగు స్థానమునకు చేర్చగలరు," అంది కచాకో ఆమె చేతుల్లోంచి. విల్‌ఫ్రీదో నవ్వబోయి, నూరిస్ కళ్ళల్లో నీళ్ళు చూసి ఊరుకున్నాడు.

ఆ వారం నూరిస్‌కి చేతిలో పని నడవలేదు. ఒక పావడాకి లేసు తిరగేసి కుట్టి మళ్ళీ విప్పుకుంది. ఆమెకి ఆన్సెల్మో కావాలి. ఈ వయసులో ఎందుకు అంటే చెప్పలేదు గానీ, కాఫీ తాగి కప్పు తనే కడిగి బోర్లించి వెళ్ళే మనిషి కావాలి. అతను దారాలు తెచ్చి గుమ్మంలోనే ఇచ్చి వెళుతున్నాడు. లోపలికి రమ్మని ఆమె అనలేకపోతోంది.

గురువారం మధ్యాహ్నం కుట్టిన బట్టలు ఇవ్వడానికి బయల్దేరింది. బస్సుస్టాపు దాకా వెళ్ళాక నడుంపట్టీ మరిచిపోయినట్టు గుర్తొచ్చి వెనక్కొచ్చింది. వసారా మెట్టెక్కుతుంటే లోపల కచాకో మోత వినపడింది. తను మీట నొక్కలేదే అనుకుంటూ కిటికీలోంచి చూసింది.

నీన్యా ఎదూ కుర్చీలో కూర్చుని ఉంది. కాళ్ళు ఎత్తలేదు. చెప్పులు కూడా విడిచి, రెండు పాదాలూ యంత్రం దారిలో చాపుకుని ఉంది. అది వచ్చి ముడతల పాదాల మీద బ్రష్షు ఆడిస్తుంటే దానితో మాట్లాడుతోంది.

"రా నాయనా, ఇటు రా. నూరిస్ వెళ్ళిపోతే నిన్నూ తీసుకుపోతుంది కదరా. నన్ను నా కొడుకు కార్తహేనాలో తనింటికి తీసుకుపోయి పదో అంతస్తులో పెడతాడు. అక్కడ వసారా లేదు, వీధి లేదు, యాదీరా లేదు. తలుపేస్తే ఒక్క చప్పుడు వినపడదు. నువ్వు గోడలు గుద్దుకుంటుంటే ఇంట్లో మనిషున్నట్టుంటుంది రా."

నూరిస్ లోపలికి వెళ్ళి తల్లి కుర్చీ పక్కన నేల మీద కూర్చుంది. మోకాళ్ళు పటపటమన్నాయి. నీన్యా ఎదూ ఉలిక్కిపడలేదు. కచాకో వంకే చూస్తూ అంది.

"చూసుకోకుండా ఊడవలేదే."

"ఏది?"

"గడప మీద. నువ్వు బఠాణీలు ఒలుస్తున్నప్పుడు. మీ నాన్న పోయి నెల కాలేదు. నువ్వూ వెళ్ళిపోతావని భయమేసింది. చూసే ఊడ్చాను. రెండు పాదాలూ."

నూరిస్‌కి ఒళ్ళు మండింది. అబద్ధం ఎందుకు, నిజంగానే మండింది. లేచి వంటింట్లోకి వెళ్ళింది. కాఫీ పెట్టింది, పొంగి పొయ్యి మీద పడితే తుడిచి మళ్ళీ పెట్టింది. నలభై ఏళ్ళు పేట వాళ్ళు నవ్వితే తనూ నవ్వింది. ఎప్పుడైనా ఒంటరిగా ఏడిస్తే చీపురుని తిట్టుకుంది, చేతిని ఎన్నడూ అనుకోలేదు. రెండోసారి కాఫీ మరిగేలోపు ఆ చెయ్యి కూడా గుర్తొచ్చింది. అప్పటికి అమ్మకి ముప్పై తొమ్మిదేళ్ళు, ఇప్పటి తనకన్నా చాలా చిన్నది. నల్లబట్టలు కట్టుకుని, తిండి మానేసి, పొద్దస్తమానం ఊడ్చిన చోటే ఊడ్చేది.

రెండు కప్పులు తెచ్చి ఒకటి తల్లికిచ్చింది.

"అమ్మా, ఒకటి చెప్పు. నువ్వు ఒక్కసారి ఊడ్చావు. వీడు ఆరేళ్ళుగా రోజూ ఊడుస్తున్నాడు. చీపురుకి అంత బలమే ఉంటే ఆన్సెల్మో కోటేసుకుని ఎలా వచ్చాడు?"

నీన్యా ఎదూ కాఫీ ఊదుకుంటూ ఆలోచించింది. ఓడిపోవడం ఆవిడకి అలవాటు లేదు. వంగి, కుర్చీ కిందికి వచ్చిన యంత్రాన్ని చేత్తో ఆపి, వెల్లకిలా తిప్పింది. పక్క బ్రష్షు గాల్లో గిరగిరా తిరుగుతోంది.

"ఇదెటు తిరుగుతోంది?"

"ఎడమకి."

"నేను కుడిచేత్తో ఊడ్చాను. అంటే అటు," అని గాల్లో చెయ్యి విసిరి చూపించింది. "వీడు దానికి ఎదురు తిప్పుతున్నాడు. నేను ఊడ్చింది రోజుకింత విప్పుకుంటూ వచ్చాడన్నమాట. నీ కుట్లు నువ్వు విప్పుకోవూ, అలాగ. ఆరేళ్ళకి పూర్తయింది. చెప్పాడుగా ఆ రోజు, పూర్తయినది అని."

నూరిస్‌కి నవ్వాగలేదు. తల్లి ఒళ్ళో తలపెట్టి నవ్వింది, ఏడ్చింది, మళ్ళీ నవ్వింది. కాఫీ కొంత నేల మీద ఒలికింది.

"ఇంకేం చూస్తావే? ఆ దారాలాయన్ని పిలు. కోటొద్దని చెప్పు, ఉక్కపోస్తుంది."

ఆన్సెల్మో కోటుతోనే వచ్చాడు. ఎదురింట్లో యాదీరా, గోడ మీంచి విల్‌ఫ్రీదో చూస్తున్నారని తెలిసే వచ్చాడు. కచాకోని మాత్రం చార్జింగులో పెట్టేశారు. అతను కుర్చీ అంచున కూర్చున్నాడు. నీన్యా ఎదూ గొంతు సవరించుకుంది. కూతుర్ని తీసుకుపోవడానికి వచ్చే మగవాడికి ఏం చెప్పాలో ఆవిడ నలభై ఏళ్ళుగా సిద్ధం చేసుకుని ఉంది. ఇవాళ దాన్ని మింగి, ఇంకోలా చెప్పాలి. తీసుకుపో నాయనా, అనాలి.

"తీసుకు..." అంది.

"క్షమించాలి. తమరిని మధ్యలో ఆపుతున్నాను," అన్నాడు ఆన్సెల్మో. ముప్పై ఏళ్ళలో అతను ఎవరి మాటకైనా అడ్డురావడం అదే మొదటిసారి. "నేను నూరిస్ గారిని తీసుకువెళ్ళడానికి రాలేదు. ఆ రోజు కూడా అందుకు కాదు, చెప్పడానికి వీలు పడలేదు అంతే. నా దుకాణం మీది గదిలో నేనొక్కణ్ణే ఉంటాను. తమరి అనుమతి అయితే, ఈ ఇంట్లో ఇంకొకరికి చోటుంటుందేమో అడుగుదామని వచ్చాను."

గోడవతల విల్‌ఫ్రీదో చేతిలోని బీరు ఒలికింది. తీసుకుపోయేవాడికి చెప్పడానికి నీన్యా ఎదూ దగ్గర ఎన్నో మాటలున్నాయి, ఉండడానికి వచ్చినవాడికి చెప్పడానికి ఒక్కటీ లేదు. ఆవిడ అతన్ని ఎగాదిగా చూసింది. మెడదాకా ఉన్న బొత్తాలు చూసింది, చెమటతో తడిసిన కోటు చూసింది.

"గురక పెడతావా?" అంది.

ఆన్సెల్మో సిగ్గుతో ఎర్రబడ్డాడు. "కొంచెం పెడతానండీ. మా ఆవిడ చెబుతుండేది. మాన్పించుకోవడానికి ప్రయత్నిస్తాను."

"మానకు నాయనా. బాగా పెట్టు, నాకు వినపడేలా పెట్టు," అంది నీన్యా ఎదూ, కళ్ళు తుడుచుకుంటూ. "నూరిస్, ఇంకో ఊగుడు కుర్చీ తెచ్చి ఇక్కడ, నా పక్కన వెయ్యవే."